పురిటిళ్ళ దారిలో: ఉత్తరాంధ్ర యాత్ర

విజయనగరం, సోమవారం

ఫిబ్రవరి నెల. చలి తగ్గింది, ఎండ ఇంకా ముదరలేదు. మహారాజా సంగీత కళాశాల వరండాలో నిలబడి, లోపల పిల్లలు జంటస్వరాలు పాడుతుంటే వింటున్నాం, నేనూ మా పిన్నీ. పిన్ని ఇక్కడే వీణ నేర్చుకుంది. తర్వాత బళ్ళో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. ఉత్తరాంధ్రలో పుట్టిన గొప్పవాళ్ళ ఊళ్ళు వరసగా చూద్దామని నేను జాబితా రాసుకొస్తే, "పుట్టిన ఊళ్ళు తరవాత. ముందు వాళ్ళని మనుషుల్ని చేసిన ఊరు చూడు" అని ఇక్కడికి లాక్కొచ్చింది.

1919లో విజయరామ గజపతిరాజు ఈ పాఠశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. అదే ఏడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వచ్చారు. చూపు సరిగా ఆనదని బడి చదువు ఆగిపోయినవాడు. దాసుగారు ఆయన వయొలిన్ విని, విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా తీసుకున్నారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఈ కళాశాలలో చదువుకున్న ఈ ఊరి వకీలుగారమ్మాయి పి. సుశీల. 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్కకట్టినప్పుడు ఆమె పాడిన పాటలు 17,695 తేలాయి. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల ఈ ఊరొచ్చి, జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం తెచ్చుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్నారు.

విజయనగరంలో పుట్టినవాళ్ళు ఎవరని రాసుకుంటే వీళ్ళలో సుశీలగారొక్కరే మిగులుతారు. ద్వారం వారు పుట్టింది బెంగళూరులో. అన్నం పెట్టిన వీధులకి జాబితాల్లో చోటుండదు. నాకు ఆ సంగతి అక్కడ నిలబడ్డాకే గట్టిగా తట్టింది.

అక్కణ్ణించి గురజాడ అప్పారావుగారి ఇంటికి నడిచాం. ఆయన రాసుకున్న, ఊపిరి వదిలిన ఇల్లు ఇది. లోపల ఫొటోలు, పుస్తకాలు. మాతోపాటు వచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు చెప్పులు బయట విప్పి మరీ లోపలికొచ్చారు, గుళ్ళోకి వచ్చినట్టు. ఊరు ఊరంతా ఆయన్ని తనవాడనుకుంటుంది, అందులో న్యాయముంది. కానీ 1862 సెప్టెంబరు 21న ఆయన పుట్టింది ఇక్కడ కాదు, యలమంచిలి దగ్గర రాయవరంలో. అది తల్లి కౌసల్యమ్మగారి పుట్టింటి వైపు ఊరు.

"అవును మరి, కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికే కదా వెళ్తుంది" అంది పిన్ని, అదో పెద్ద విషయం కానట్టు.

నాకు మాత్రం అది పెద్ద విషయమే. మనవాళ్ళ జీవితచరిత్రల్లో "జన్మస్థలం" అని రాసిన ఊరు చాలాసార్లు తండ్రి ఊరు కాదు, ఇంటిపేరు ఊరూ కాదు. నెలలు నిండిన ఒక ఆడపిల్ల బండెక్కి అమ్మ దగ్గరికి చేరిన ఊరు. ఈ యాత్రంతా ఆ కంటితోనే చూశాను.

మధ్యాహ్నం బజార్లో పనసపొట్టు కొట్టించుకున్నాం. చేతులకి నూనె రాసుకుని, పెద్ద కత్తితో లేత కాయని తిప్పుతూ ఒకావిడ కొడుతుంటే పొట్టు సన్నగా రాలుతోంది. కాయ 90 రూపాయలు. ఇంట్లో ఆవ పెట్టి కూర, కందిగుండ, గుమ్మడికాయ బెల్లం పులుసు. ఇక్కడ పొడిని గుండ అంటారు. వేడన్నంలో కందిగుండ, నువ్వుల నూనె కలిపితే నేను రెండో కూర వైపు చూడలేదు.

పాండ్రంగి, మంగళవారం

విజయనగరం నుంచి పద్మనాభం మీదుగా పాండ్రంగికి వెళ్ళి రావడానికి, మధ్యలో ఆగడంతో కలిపి ఆటోకి 900 మాట్లాడుకున్నాం. పద్మనాభం కొండ కనబడగానే డ్రైవరు తనంతట తాను ఆపి, "రాజుగారు పడిపోయింది ఇక్కడే" అన్నాడు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం మీద పోరాడి చనిపోయిన చోటు అది. ఎవరూ అడక్కుండానే చెప్పడం చూసి ముచ్చటేసింది.

పాండ్రంగి గోస్తని ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఈ రోజుల్లో ఏట్లో నీళ్ళు మడమల లోతే. అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న ఇక్కడ తాతగారి ఇంట్లో, అమ్మ పుట్టింట్లో పుట్టారు. అల్లూరి వారి ఊరు పశ్చిమగోదావరి మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. కొడుకు చిన్నతనంలోనే ఆయన పోయారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన మనిషి, 1924 మే 7న ప్రాణం వదిలిన మనిషి, కళ్ళు తెరిచింది మాత్రం ఈ సన్నని వీధుల్లో.

స్మారకం చూసి వస్తుంటే అరుగు మీద చేటతో మినుములు చెరుగుతున్న ముసలావిడ పిలిచింది. "ఎవులింటికొచ్చినారమ్మా?"

ఇక్కడ ముందు అడిగేది నీ పేరు కాదు, ఎవరింటి ఆడపిల్లవని. పిన్ని తన అమ్మమ్మ ఊరి దాకా చెప్పుకొచ్చింది. ఎక్కడో ఒక చుట్టరికం తగిలింది, ఆవిడ మొహం వెలిగింది. "కూకోండి తల్లీ, తేగలు తింతారేటి?" అని లోపల్నుంచి ఉడికించిన తేగలు తెచ్చింది. నారలు తీసుకుంటూ తింటున్నాం. సీతారామరాజు మాట ఎత్తితే ఆవిడ అంది: "మా ఊరి ఆడపిల్ల కొడుకమ్మా ఆయన. మనవడంటే ఊరికి ఎంత ముద్దు!"

ఆ ఆడపిల్ల పేరు సూర్యనారాయణమ్మ. ముసలావిడ దృష్టిలో సీతారామరాజు దేశానికి వీరుడు కావడం రెండో సంగతి, మొదట ఆ ఊరికి మనవడు. చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే సంగతిని ఆవిడ ఎంత దగ్గరగా పట్టుకుందో! లేచేటప్పుడు డబ్బులివ్వబోతే చేయి తోసేసింది. పిన్ని తన సంచీలోంచి రెండు అరటిపళ్ళు, పసుపు పొట్లం తీసి చేతిలో పెడితే మాత్రం తీసుకుంది. ఇవ్వాల్సింది అలా ఇవ్వాలని నాకు తెలియదు. పిన్నికి తెలుసు.

నెల్లిమర్ల నుంచి బొబ్బిలి, బుధవారం

తెల్లవారుతూనే నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ. వరి కోసిన పొలాల మధ్య ఊరు. ఇక్కడి పిల్లలకి వెయిట్ లిఫ్టింగ్ అంటే మిగతా ఊళ్ళ పిల్లలకి క్రికెట్ ఎలాగో అలాగ. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఈ ఊరే. మొదట చేతికొచ్చింది కాంస్యం. గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో అది వెండి అయింది. మేం వెళ్ళేసరికి కొందరు ఆడపిల్లలు అరచేతులకి తెల్లపొడి రాసుకుని రాడ్డు ఎత్తుతున్నారు. ఒక పిల్ల తల్లి చంకలో చిన్నదాన్నేసుకుని పక్కనే నిలబడి, కూతురు ఎత్తిన ప్రతిసారీ తనే ఊపిరి బిగపడుతోంది. ఆమె పొలం పనికి ఇక్కణ్ణించే వెళ్తుందట. మాతో మాట్లాడుతూనే కళ్ళు కూతురి మోకాళ్ళ మీద ఉంచింది.

బస్సులో బొబ్బిలి. కోట దగ్గర యుద్ధ స్తంభం చూశాం. 1757 జనవరి 24 నాటి యుద్ధం గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. నా మనసు గొల్లపల్లి మీదుంది.

గొల్లపల్లి బొబ్బిలిని ఆనుకునే ఉంటుంది. సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా ఇక్కడ వీణలు చేస్తున్నాయి. పనసమాను దుంగ ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా కుండా దండీ కలిపి తొలిచేదే ఏకాండి వీణ. వర్క్‌షాపు నేలంతా పసుపుపచ్చని పొట్టు. మొన్న కూరలో తిన్నది పనసకాయ, ఇవాళ చేత్తో నిమిరింది పనస చెక్క. పిన్ని చెప్పులు విప్పి, కిందే కూర్చుని, మైనంలో మెట్లు బిగిస్తున్న పెద్దాయన చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన మెట్టు పెడతాడు, తీగ మీటి చెవి దగ్గర పెట్టుకుంటాడు, వెంట్రుకంత జరుపుతాడు, మళ్ళీ మీటుతాడు. ఇరవై నాలుగు మెట్లకీ అదే ఓపిక.

"మీ పేరు వీణ మీద ఉంటుందా?" అని అడిగాను.

"వాయించినోల పేరుంటాది బావూ" అన్నాడు, బాధేం లేకుండా.

నాకు బాధేసింది. కచేరీ కరపత్రంలో విద్వాంసుడి పేరు పక్కన వీణ చేసినవాడి పేరు వేయడానికి ఏం ఖర్చవుతుంది? పిన్ని తన పాత వీణకి మెట్లు వేయించడానికి మాట్లాడుకుంది. నేను గాజు పెట్టెలో పెట్టుకునే చిన్న వీణ కొన్నాను. బేరమాడబోతే పిన్ని మోచేత్తో పొడిచింది.

సాలూరు, అజ్జాడ, వీరఘట్టం, గురువారం

సాలూరు దగ్గర శివరామపురం. 1922 అక్టోబరు 11న సాలూరి రాజేశ్వరరావుగారు పుట్టిన ఊరు. తండ్రి సన్యాసిరాజు ద్వారం వారి కచేరీలకి మృదంగం వాయించినవారు. ఘంటసాల గురువు పట్రాయని వారిదీ సాలూరే. ఘంటసాల పుట్టిందీ 1922లోనే. తెలుగు సినిమా పాటకి ఒకే ఏడు పుట్టిన ఇద్దరు మూలస్తంభాలు, ఒకరు ఇక్కడ కొండల కింద పుట్టి, ఒకరు కృష్ణా డెల్టాలో పుట్టి ఈ సాలూరు గురువు చేతికి చేరి! టీ తాగుతూ ఈ ముచ్చట చెబితే, కొట్టు యజమాని రేడియో ఆపి మరీ విన్నాడు, టీ డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతాన 20 రూపాయలు పెట్టి వచ్చాం.

బలిజిపేట వైపు వెళ్ళి అజ్జాడకి ఆటో మాట్లాడుకున్నాం. బోర్డు లేని చీలిక దగ్గర ఆటో ఎడమకి తిరిగింది. కాసేపటికి రోడ్డు మట్టిబాట అయింది, మట్టిబాట చెరకుతోటలో ఆగిపోయింది. పాల కేన్లు కట్టుకుని సైకిలు మీద వస్తున్న ఒకాయన దిగి, "దారి తప్పీసినారు. ఎనక్కెల్లి మర్రిచెట్టు కాడ కుడికి తిరగాల" అని, మేము తిరిగేదాకా నిలబడి చూసి, మళ్ళీ తప్పుతామేమోనని మర్రిచెట్టు దాకా ముందు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పాలు ఆలస్యమవుతాయని మాకే కంగారు, ఆయనకి లేదు.

అజ్జాడలో సువర్ణముఖి గాలి చల్లగా ఉంది. 1864 ఆగస్టు 31న ఆదిభట్ల నారాయణదాసుగారు ఇక్కడ పుట్టారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఒక్క మనిషే పాటా ఆటా మాటా అయి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టే హరికథకి పితామహుడు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఒక్కో అంగంతో ఒక్కో తాళం వేసి అయిదు తాళాలు ఒకేసారి నడిపినవాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చినవాడు. 1945 దాకా బతికారు. గుడి దగ్గర పేకాడుతున్న పెద్దాయన్ని అడిగితే ముక్కలు బోర్లా పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ పేరు వినగానే కూర్చుని మాట్లాడటం ఆయనకి మనసొప్పలేదు. ఆ ఒక్క పనికి నా కళ్ళు చెమర్చాయి.

వీరఘట్టం చేరేసరికి సాయంత్రమైంది. కోడి రామ్మూర్తినాయుడు పుట్టిన ఊరు. చిన్నతనంలోనే తల్లి పోతే విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగి, అక్కడే కుస్తీ, వ్యాయామం నేర్చి, తర్వాత సొంత సర్కస్ కంపెనీతో ఊళ్ళేలాడు. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసు ఊపిరి పూరించి తెంచడం, కార్లకి కట్టిన తాళ్ళు పట్టి వాటిని కదలనివ్వకపోవడం, గుండెల మీదికి ఏనుగునెక్కించుకోవడం. ఇక్కడ కూడా ఒక చిక్కుంది. మొన్నటిదాకా ఆయన శ్రీకాకుళం జిల్లా బిడ్డ. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. అజ్జాడ కూడా అంతే, విజయనగరం జిల్లా నుంచి. అసలు శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. వాళ్ళు పుట్టిననాడు ఈ జిల్లాలే లేవు. మా జిల్లావాడంటే మా జిల్లావాడని కొట్టుకోవడంలో ఏ పసా లేదనిపించింది. హోటల్లో భోజనం 100 రూపాయలు. మజ్జిగలోకి అల్లం, కరివేపాకు దంచి వేశారు.

ఆమదాలవలస, పర్వతాలపేట, ముఖలింగం, శుక్రవారం

ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. తండ్రి రైల్వే రక్షక దళంలో ఉద్యోగి కావడంతో కుటుంబం ఇటు వచ్చింది. ఈ ఊళ్ళోనే నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర అక్కచెల్లెళ్ళు బరువులెత్తడం నేర్చుకున్నారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆడపిల్లలకి బరువులేంటని జనం అన్న రోజుల్లో వెన్నుదన్నుగా నిలిచింది తల్లి శ్యామల. కొండవెలగాడలో చంకబిడ్డతో నిలబడ్డ తల్లిని ఇక్కడ మళ్ళీ తలుచుకున్నాను.

పర్వతాలపేటకి వెళ్ళాలంటే ముగ్గురు ఆటోవాళ్ళు "పార్వతీపురమా? బస్సెక్కండి" అన్నారు. నాలుగో ఆయనకి తెలుసు. 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తిగారు పుట్టిన ఊరు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. వంశధార ఇక్కడికి దగ్గర. ఆయన పుట్టినప్పుడు ఇది గంజాం జిల్లా. విజయనగరంలో గురజాడతో కలిసి చదివి, పర్లాకిమిడిలో టీచరయ్యారు. కొండల మీద సవర గిరిజనులతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, నిఘంటువు కట్టారు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే బళ్ళు పెట్టారు. మన్యపు జ్వరానికి మింగిన క్వినైన్ వల్ల చెవులు పోయాయి. భాషలు వినడమే బతుకైన మనిషికి ఆ నష్టం ఎంతటిది! అయినా ఆగలేదు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఇష్టంలేక, ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజే మనకి తెలుగు భాషా దినోత్సవం. ఏటా ఆ రోజు వేదికలెక్కే పెద్దల్లో కొందరైనా ఒక్కసారి ఈ ఊరి దారి పట్టాలి. రోడ్డు మీద ఒక బోర్డు, దాని మీద ఆ తల్లి పేరు కూడా ఉంటే ఎంత బాగుంటుంది.

శ్రీముఖలింగంలో శివరాత్రి పనులు మొదలయ్యాయి. తాటాకు పందిళ్ళు, వెదురు గుంజలు, రంగుల బస్తాలు. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు చరిత్రకారులు. మధుకేశ్వరాలయం గోడల మీది శిల్పాలు ఒక్కొక్కటీ చూస్తుంటే పూజారిగారు తొందరపెట్టలేదు. బయట ఒకావిడ దగ్గర చోడి (రాగి) అంబలి, నంచుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, గ్లాసు 15 రూపాయలు. పిన్ని రెండోది అడిగితే ఆవిడ గ్లాసు నిండా పోసి, మొదటి దానికే డబ్బు తీసుకుంది.

శ్రీకాకుళం, శనివారం

పొద్దున్నే కోడి రామ్మూర్తి స్టేడియం. పరుగు పెట్టి ఆయాసపడుతున్న పోలీసు సెలక్షన్ల కుర్రాడితో మాట్లాడితే, వీరఘట్టం దాకా వెళ్ళొచ్చామని విని ఆశ్చర్యపోయాడు. "అక్కడ ఏటుంది మేడం?" అన్నాడు. పిన్ని అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తల్లి లేని పిల్లాడు కుస్తీ నేర్చుకున్న కథ మొత్తం చెప్పింది. అతను మధ్యలో లేవలేదు.

వడ్డాది పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10న ఈ ఊళ్ళోనే పుట్టారు. చందమామ అట్టల మీద "వపా" అన్న సంతకం చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ రంగులు ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఆయన కశింకోటలో స్థిరపడి, మనుషులకి దూరంగా బొమ్మల్లోనే ఉండిపోయారు. నాగావళి వంతెన మీద పిన్నిని ఆయన బొమ్మల్లో ఏది ఇష్టమని అడిగితే, చెప్పడం మానేసి కశింకోట ఎప్పుడెళ్దామంది.

ఆ మాటకే తర్వాతి దారి కుదిరింది. కశింకోట, దాన్ని దాటి యలమంచిలి, పక్కన రాయవరం. గురజాడ వారిని కౌసల్యమ్మగారు కన్న ఊరు. ఎండలు ముదరకముందే బయలుదేరాలి. పిన్ని అప్పుడే అటువైపు తన స్నేహితురాలికి ఫోన్ చేసి, పనసపొట్టు దొరుకుతుందో లేదో కూడా కనుక్కుంది.